రిబ్బను కట్టిన మన్నాని

స్ఫాక్స్ ఊళ్లో, బాబ్ జెబ్లీ చేపల బజారులో నౌఫల్ కమ్మూన్‌ను అందరూ "డాక్టరు గారూ" అనే పిలిచేవారు. డాక్టరేటు రావడానికి చాలా ఏళ్ల ముందునుంచే అలా పిలిచేవారు. తీరా వచ్చాక మానేశారు. ఎందుకు మానేశారో చెప్పాలంటే అతని పెళ్లినాటి చేప దగ్గరికి వెళ్లాలి. అక్కడికి వెళ్లేముందు మనిషిని చూడాలి.

సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు నౌఫల్. చొక్కా జేబు నిండా పెన్నులుండేవి, ఒక్కటీ రాసేది కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. పాత మోపెడ్ మీద తిరిగేవాడు. అది నడిరోడ్డు మీద మొరాయిస్తే తన్నేవాడు కాదు, పక్కన నిలబడి నచ్చజెప్పేవాడు. మధ్యాహ్నం రొట్టెలో సార్డీన్లు, హరీసా కారం పెట్టుకుని కంప్యూటర్ ముందే తినేవాడు. ఆ కీబోర్డు మీద ఎక్కువగా వాడే అక్షరాలు ఏవో ఎర్రటి మరకల్ని బట్టి ఎవరైనా చెప్పేయగలిగేవారు.

నలభై దగ్గర పడుతున్నా పెళ్లి కాలేదు. అమ్మాయి దొరకక కాదు. అమ్మాయి ఉంది, పేరు దలెందా. మందుల షాపులో పనిచేసేది. కంప్యూటర్ చూసి చూసి కళ్లు మండుతుంటే చుక్కల మందు కొనడానికి వెళ్లాడు నౌఫల్. ఆ మంట ఎలా మొదలైందో అక్కణ్ణుంచి ఎత్తుకుని, కంప్యూటర్ బొమ్మల్ని ఎలా చూస్తుందో చెబుతూ ఉండిపోయాడు. వెనక జనం వరస కట్టారు.

"ఇంతకీ ఈ చుక్కలు మీ కంట్లో వెయ్యాలా, కంప్యూటర్ కంట్లో వెయ్యాలా?" అంది దలెందా.

నౌఫల్ ఆ ప్రశ్న గురించి నిజంగానే ఆలోచించాడు. ఆ ఆలోచించడం చూసి ఆమె అతని మీద మనసు పడింది. ఇద్దరి మధ్యా ఏ అడ్డూ లేదు, ఆమె తండ్రి తప్ప.

హాజీ తిజానీ కెర్కెన్నా దీవులవాడు. దీవులకూ స్ఫాక్స్‌కూ మధ్య జనాన్ని దాటించే ఓడను జీవితమంతా నడిపి రిటైరయ్యాడు. ఇంట్లో కూడా ఓడ మీద ఉన్నట్టే మాట్లాడేవాడు, గాలిని దాటి వినపడాలన్నట్టు. నౌఫల్ మొదటిసారి పిల్లనడగడానికి వెళ్లినప్పుడు హాజీ ఎర్ర టోపీ సరిచేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం చదువుతున్నావు బాబూ?"

"బొమ్మల్ని గుర్తుపట్టడం హాజీ గారూ. కంప్యూటర్‌కి నేర్పుతున్నాను."

"ఏం గుర్తుపడుతుంది?"

"చేపల్నండీ."

హాజీ నవ్విన నవ్వుకు టోపీ ఒళ్లో పడింది. "కెర్కెన్నాలో పిల్లి కూడా గుర్తుపడుతుందయ్యా చేపని! దానికెవరిచ్చారు డాక్టరేటు?"

"నాకూ ఇంకా ఇవ్వలేదండీ" అన్నాడు నౌఫల్ నిజాయితీగా.

"అదీ సంగతి. ముందు అది తెచ్చుకో. నలుగురిలో మా అల్లుడు డాక్టరని చెప్పుకోవాలి నేను. ఏం డాక్టరో వాళ్లడగరు, నేను చెప్పను. డాక్టరువై రా, పిల్లనిస్తా. లేదంటే ఈ గడప తొక్కకు. తీసుకో, బాదం తిను."

అంటూ బాదంగింజల పళ్లెం నౌఫల్ పక్కనున్న ఖాళీ కుర్చీకి అందించాడు. కుర్చీ తీసుకోలేదు. హాజీ కాసేపు చూశాడు.

"ఏమిటా మొహమాటం?" అన్నాడు కుర్చీతో.

దలెందా తలుపు దగ్గర నిలబడి నౌఫల్‌కు కళ్లతోనే సైగ చేసింది. నౌఫల్ నిశ్శబ్దంగా లేచి వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని బాదం తీసుకున్నాడు. హాజీ చూపు మందగించిందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట నోటితో అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అలా నౌఫల్ పెళ్లి అతని థీసిస్‌కు ముడిపడింది. థీసిస్ చూస్తే చేపలకు ముడిపడి ఉంది. వేలం బల్ల మీద పడ్డ చేపను కెమెరా చూసి పేరు చెప్పాలి, అందుకోసం ఫిల్టర్లను మెరుగ్గా తయారుచేయాలి. అదీ అతని పని.

ఫిల్టరంటే తొమ్మిది గళ్ల చిన్న కిటికీ అనుకోవచ్చు. బొమ్మ మీద ఒక మూల నుంచి ఇంకో మూలదాకా దాన్ని జరుపుకుంటూ పోతారు. దానికి తెలిసింది ఒకే ఒక్క ప్రశ్న: ఇక్కడ వాలు గీత ఉందా? పక్క కిటికీది ఇంకో ప్రశ్న: ఇక్కడ నలుపు పోయి తెలుపు వచ్చిందా? ఈ కిటికీల జవాబుల మీద ఇంకో వరస కిటికీలు, వాటి మీద మరో వరస. చిట్టచివరి వరస ఇది ఫలానా చేప అని తేలుస్తుంది. ఏ కిటికీ ఏమడగాలో ముందుగా ఎవరూ చెప్పరు. ఫొటోలు చూపిస్తూ, తప్పు చెప్పినప్పుడల్లా చెవి మెలేస్తూ పోతే, ఏం అడగాలో అవే నేర్చుకుంటాయి.

నౌఫల్ ఇదంతా తల్లి మన్నూబియాకు ఒకరోజు బీన్స్ గిల్లుతూ చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! పిల్లను చూడ్డానికి ఆడవాళ్లు వెళ్లినట్టు" అందావిడ. "ఒకత్తి పళ్లు చూస్తుంది, ఒకత్తి జుట్టు చూస్తుంది, ఇంకొకత్తి నడిపించి చూస్తుంది. ఆఖర్న ముసలావిడ ఔనో కాదో అంటుంది."

నౌఫల్‌కు ఆ పోలిక ఎంత నచ్చిందంటే థీసిస్ మొదటి అధ్యాయంలో పెట్టేశాడు. ప్రొఫెసర్ ముహ్సిన్ లూమీ ఎర్ర సిరాతో కొట్టేశాడు. పక్కన మాత్రం "మా ఆవిడకు చదివి వినిపించాను, నవ్వింది" అని రాశాడు.

సార్డీన్లు, బూరిలనే చవక చేపలు, ఆక్టోపస్‌లు ఎన్ని ఫొటోలైనా దొరికాయి. మన్నానితోనే వచ్చింది చిక్కు. పెద్ద నోరు, మచ్చల ఒళ్లు, రాజుగారి పొట్ట ఉన్న చేప అది. ఖరీదు కూడా రాజుగారిదే. బజారులో ఎప్పుడో ఒకటి పడుతుంది. పడినా చేపలమ్మే శాద్లీ కెమెరా తియ్యనిచ్చేవాడు కాదు.

"వద్దు డాక్టరు గారూ! ఫొటో తీస్తే దిష్టి తగులుతుంది. అది పోవాల్సింది పెళ్లింటికి, మీ కాలేజీకి కాదు."

మన్నూబియా దానికి ఉపాయం చెప్పింది. స్ఫాక్స్‌లో పెళ్లి ఆఖరు రోజున వధూవరులు చేపను ఏడుసార్లు దాటాలి కదా. పరువున్న ఇంట్లో ఆ చేప మన్నానే అయి తీరాలి. ప్రతి ఇంటి పెళ్లి ఆల్బంలో మన్నాని తప్పకుండా ఉంటుంది. ఆవిడ మేనత్తల ఇళ్లూ పిన్నుల ఇళ్లూ గాలించింది. పెళ్లయి విడిపోయినవాళ్ల ఆల్బంలు కూడా వదల్లేదు. "చేప చేసిన పాపమేముంది?" అనేది. చేతిసంచీ నిండా మన్నానిలు మోసుకొచ్చింది.

ఫలితం అద్భుతం. యంత్రం ఒక్క మన్నానిని కూడా వదల్లేదు. ప్రొఫెసర్ లూమీ వీపు తట్టాడు. నౌఫల్ ఆ యంత్రాన్ని ఫోన్‌లో ఎక్కించుకుని, కొత్త చొక్కా తొడుక్కుని, రంజాన్ పండగ రోజు ఉదయం హాజీ ఇంటికి వెళ్లాడు. బల్ల మీద ఉప్పుచేప ఉంది. ఎండుద్రాక్ష, ఉల్లిపాయ కలిపి మరగబెట్టిన చర్మూలా వాసన వీధి చివరికే తగిలింది.

"ఏదీ, ఆ పిల్లి చదువు చూపించు" అన్నాడు హాజీ.

నౌఫల్ ఉప్పుచేప వైపు ఫోన్ తిప్పాడు. సరిగ్గా అప్పుడే దలెందా చర్మూలా గిన్నె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. పండగని జడకు వెడల్పాటి తెల్ల రిబ్బను కట్టుకుంది. ఫోన్ మీద అక్షరాలు వెలిగాయి. అవి చూసి నౌఫల్ ఫోన్‌ను గుండెకు హత్తుకున్నాడు.

"ఏమందయ్యా? ఇటు చూపించు. ఏమిటీ అక్షరాలు, చీమలు చదువుకోడానికి రాశారా? అమ్మాయ్, నువ్వు చదువు."

దలెందా ఫోన్ లాక్కుని చదివింది. "నేను మన్నానినట నాన్నా. తొంభై ఏడు శాతం."

గదిలో చర్మూలా ఒక్కటే ఆవిర్లు కక్కుతోంది.

"మిగతా మూడు శాతం?" అన్నాడు హాజీ చివరికి.

దలెందా కిందికి జరిపి చూసింది. "బూరి."

"బూరియా!" హాజీ లేచి నిలబడ్డాడు. "మన్నాని అంటే పోనీలే, పెద్దింటి చేప, ఊరుకుందును. నా కూతురిలో బూరి ఎక్కడ కనిపించిందిరా నీకు? పిల్లకీ చేపకీ తేడా తెలియనివాడికి పిల్లనెలా ఇవ్వను? పో! తిని పో!"

నౌఫల్ తిని వెళ్లాడు. గుమ్మం దగ్గర దలెందా వంగి వంగి నవ్వుతోంది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ అంది: "దాన్ని చెరిపెయ్యకు. ఈ యంత్రాన్ని ఇలాగే నాకిచ్చెయ్. ఇంత గట్టిగా నన్ను ఎవరూ మెచ్చుకోలేదు."

ఇంటికి వస్తూ నౌఫల్ దారంతా ఫోన్ పట్టుకునే నడిచాడు. మిఠాయి షాపులో రిబ్బను కట్టిన బక్లావా డబ్బా మన్నాని. పెళ్లికి ముస్తాబు చేసిన కారు మన్నాని. మునిసిపాలిటీవాళ్లు కొత్త కుళాయికి కట్టిన రిబ్బను మన్నాని. పండగ బట్టలేసుకున్న ఒక బుడతడు మెడకు బో కట్టుకుని ఐస్‌క్రీం తింటున్నాడు. వాడు పెద్ద మన్నాని. అక్కడే అరుగు మీద కూలబడి నౌఫల్ తల పట్టుకున్నాడు. ఆల్బంలలో ప్రతి మన్నానికీ రిబ్బను ఉంది. రిబ్బను లేని మన్నానిని యంత్రం పుట్టాక చూడనే లేదు. అందుకే అది చేపను చూడటమే మానేసింది.

మర్నాడు మొదటి వరస ఫిల్టర్లను పెద్దవిగా అచ్చువేసి గోడకు అంటించాడు. రకరకాల ప్రశ్నలుండాల్సిన చోట ఇంచుమించు అన్నీ ఒకటే ప్రశ్న: పక్కపక్కనే రెండు మెరిసే గీతలున్నాయా? ఒకటి నిలువుగా అడుగుతోంది, ఒకటి అడ్డంగా అడుగుతోంది, ఇంకొకటి ఏటవాలుగా. ఊరంతా ఒకే పుకారును తలో గొంతుతో చెప్పుకుంటున్నట్టుంది.

ప్రొఫెసర్ లూమీ కళ్లద్దాలు ఎత్తి గోడను చూశాడు. "ఈ తప్పు ఫిల్టర్లదా, మీ అమ్మదా?"

"ఇద్దరిదీ సార్. అమ్మ తేలిక జవాబు చేతికిచ్చింది. ఫిల్టర్లు మారుమాట లేకుండా పుచ్చుకున్నాయి."

"మీ అమ్మను నేను మార్చలేను. ఫిల్టర్ల సంగతి చూడు."

నౌఫల్ చూశాడు. కష్టం మీద పడితే అతను మోపెడ్‌తో మాట్లాడినట్టే మాట్లాడేవాడు, తొందర లేకుండా. ముందు ఒక జరిమానా పెట్టాడు: రెండు ఫిల్టర్లు ఒకే ప్రశ్న అడిగితే ఇద్దరికీ చెవి మెలి. దాంతో అవి ఒకదాన్నుంచి ఒకటి దూరం జరిగి వేరే ప్రశ్నలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. తరవాత కొన్నిటికి రూపం తనే ఇచ్చాడు. చేప పొలుసు అంచు నెలవంకలా ఉంటుంది కనక నెలవంకలు, మచ్చల కోసం ఉంగరాలు. బల్ల మీద చేప మనకు కావలసినట్టు పడుకోదు కదా, అందుకని ఒక్కో నెలవంకను అన్ని వైపులకూ తిప్పి పెట్టాడు. ఇంకొన్ని కిటికీల గళ్లను ఎడం చేశాడు. అవే తొమ్మిది గళ్లు, కాని ఎడంగా ఉండేసరికి ఒక గీతను కాకుండా ఒంటి మీద మచ్చలు ఎలా చల్లి ఉన్నాయో చూడగలిగాయి.

అయినా ఒక ముల్లు మిగిలిపోయింది. ఎంత మంచి ఫిల్టరైనా, రిబ్బనంటే మన్నాని అనే ఫొటోలు చూసినంతకాలం తిరిగి తిరిగి రిబ్బను దగ్గరికే వెళ్తుంది. అందరికీ రిబ్బను ఉంటే అప్పుడిక రిబ్బను జవాబు కాదు.

అందుకని నౌఫల్ ఒక పెద్ద శాటిన్ చుట్ట కొనుక్కుని బాబ్ జెబ్లీ బజారుకు వెళ్లి, చేపలకు రిబ్బన్లు కట్టడం మొదలుపెట్టాడు.

బూరికి కట్టాడు. ఆక్టోపస్‌కు కట్టాడు, ఏ చేతికి కట్టాలో తేలక అన్నిటికీ కట్టాడు. సార్డీన్లకు కట్టేసరికి బజారంతా పనులు ఆపేసి చుట్టూ మూగింది.

"డాక్టరు గారూ, ఆ సార్డీను మరీ చిన్నపిల్ల. ఇప్పుడే పెళ్లేంటండీ?" అన్నాడు శాద్లీ.

"ఫొటో కోసమేనయ్యా."

"అందరూ అలాగే అంటారు. పెళ్లికొడుకు ఎవరు, ఆక్టోపస్సా? ఇంత బంగారం అడుగుతాడు, ఎనిమిది చేతులకీ!"

"ముడి వదులైంది, కాస్త పట్టుకో."

"పట్టుకుంటా. ఆడపిల్లవారి తరఫునా, మగపిల్లవారి తరఫునా?"

నవ్వుతూనే శాద్లీ ముడులు పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి అతనికి ఒక విచిత్రం కనిపించింది. రిబ్బను కట్టిన బూరిలే ముందు అమ్ముడుపోయాయి. దాంతో పాత పట్టుదల సడలించి, ఆ వారం వచ్చిన మన్నానిలను రిబ్బను లేకుండా ఫొటో తీసుకోనిచ్చాడు. వెళ్లేటప్పుడు మీసం దువ్వుకుంటూ అడిగాడు: "ఆ చుట్ట మిగిలితే ఇక్కడే వదిలేసి పోతారా?"

నౌఫల్ సంతోషంగా చుట్ట మొత్తం ఇచ్చేశాడు.

కబురు సాయంత్రానికల్లా హాజీ చెవిన పడింది. "నీవాడు బజార్లో చేపలకు పెళ్లిళ్లు చేస్తున్నాడటే!" అని కూతురిని నిలదీశాడు.

"చెయ్యి తిరగాలిగా నాన్నా. మా పెళ్లి కోసం సాధన చేస్తున్నాడు" అంది దలెందా.

థీసిస్ పరీక్ష నాడు పంతుళ్ల ముందు బల్ల నిండా చేపలు పరిచారు. యంత్రం ఒక్కొక్కదాన్నీ సరిగ్గా చెప్పింది, రిబ్బను ఉన్నా లేకపోయినా. రాజధాని ట్యూనిస్ నుంచి వచ్చిన పరీక్షకుడు ఎక్కడో పాత కథ విని ఉన్నాడు. తన నీళ్ల సీసాకు రిబ్బను కట్టి బల్ల మీద పడుకోబెట్టాడు. యంత్రం కాసేపు ఆలోచించి "చేప కాదు" అంది. వెనక కూర్చున్న మన్నూబియా ఆనందం పట్టలేక జగారీదు పెట్టింది. ఆ నాలుక తిప్పే కేకకు, సీసా తిరిగి అందుకున్న పరీక్షకుడి చేతిలోంచి అది జారిపోయింది. అలా నౌఫల్ డాక్టరయ్యాడు.

హాజీ మాట తప్పే మనిషి కాదు. పైగా వారం రోజుల్లో ఊళ్లో సగంమందికి "మా అల్లుడు డాక్టరు" అని చెప్పేశాడు. నడుం నొప్పికి మందు రాసివ్వమని ఇద్దరు ఇంటికే వచ్చారు. ఇక పెళ్లి ఏర్పాట్లలో మిగిలినవన్నీ ఆడవాళ్లకు వదిలేశాడు గాని, ఒక్కటి మాత్రం వదల్లేదు.

"చేపను నేనే ఎంచుతా. సముద్రం మీద బతికినవాణ్ణి, నా కూతురు దాటే చేప ఇంకొకడు తెచ్చేదేంటి? చేప దగ్గర తేడా వచ్చిందో, పెళ్లి అక్కడితో ఆపేస్తా."

వెళ్లాడు. శాద్లీ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మింటు టీ ఇచ్చి, "మీరు ముట్టుకోకండి హాజీ, ఒళ్లంతా నీచవుతుంది. ముస్తాబు చేసి నేనే పంపిస్తా" అన్నాడు. హాజీ దూరం నుంచే తలపంకించి ఎంచుకున్నాడు.

పెళ్లి ఆఖరు రోజున చేప పళ్లెంలో వచ్చింది. మల్లెలు, జరీ, నౌఫల్ కొన్న తెల్ల శాటిన్. బయట కనిపించేది ఒక కన్ను, తోక, మధ్యలో అరచేతి మేర ఒళ్లు. డోళ్లు మోగుతుంటే దలెందా గౌను అంచు ఎత్తి పట్టుకుని నౌఫల్ చెయ్యి పట్టుకుంది. ఒకసారి దాటారు. రెండోసారి దాటారు. మూడోసారి దాటగానే హాజీ చెయ్యెత్తి డోళ్లు ఆపించాడు.

"అందరూ వినండి! మా అల్లుడు చేపల పేర్లు చెప్పే యంత్రం కనిపెట్టాడు. నాకోసం దానికి నోరు కూడా పెట్టాడు. నేనేం చేప తెచ్చానో అదే చెబుతుంది. అడుగు బాబూ!"

నౌఫల్ నిజంగానే నోరు పెట్టాడు, చీమల అక్షరాల గొడవ ఉండకూడదని. మొహమాటంగా ఫోన్ తీసి చేప మీద పట్టాడు. ఆ అరచేతి మేర ఒంటి మీద నెలవంకలు తమ పని తాము చేసుకుపోయాయి.

"బూరి" అంది ఫోన్. బడిపంతులమ్మ గొంతు, చావిడి చివరికి వినపడేంత.

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. హాజీ ముఖం టోపీ రంగుకు తిరిగింది. "మళ్లీ అడుగు."

"బూరి."

నౌఫల్ తల వంచి చూశాడు. పెద్ద పెద్ద పొలుసులు, వాటి మీద నిలువు చారలు. మచ్చ అన్నది లేదు. యంత్రం చెప్పింది అక్షరాలా నిజం. అంతకాలం పడిన పాటు ఫలించింది, ఫలించకూడని చోట ఫలించింది. హాజీ గుడ్లప్పగించి పళ్లెం వైపు చూస్తున్నాడు, అక్కడేముందో కనిపించనివాడి చూపు. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరో ఒకరు ముందుకొచ్చి రిబ్బను విప్పుతారు. ఆ తరవాత హాజీకి ఈ ఊళ్లో తలెత్తుకునే వీలుండదు. ఆయన పెళ్లి ఆపేస్తాడు, మాటంటే మాటే.

"యంత్రం పొరబడింది మామయ్యా" అన్నాడు నౌఫల్ గట్టిగా. ఆ వరస పెట్టి పిలవడం అదే మొదలు. "రిబ్బను చూస్తే దీనికి మతి పోతుంది. ఆ జబ్బు ఇంకా పోలేదు."

చావిడి మొత్తం గొల్లుమంది. "మళ్లీ రిబ్బనేనా డాక్టరు గారూ!" అని ఒకరు, "డాక్టరేటు వెనక్కిచ్చెయ్యవయ్యా!" అని ఇంకొకరు. ప్రొఫెసర్ లూమీ కూడా వచ్చి ఉన్నాడు. కళ్లద్దాలు ఎత్తి పళ్లెంకేసి చూసి, మళ్లీ దించుకుని, బక్లావా మీద చాలా శ్రద్ధ పెట్టాడు.

హాజీ మాత్రం నవ్వలేదు. రిబ్బను సర్దుతున్నట్టు వంగి చేపను చేత్తో తడిమాడు. కళ్లు మోసపోయాయి గాని వేళ్లు మోసపోలేదు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"నాన్నా," అంది దలెందా, గౌను ఇంకా ఎత్తి పట్టుకునే. "ఇంకా నాలుగు మిగిలాయి. చేతులు నొప్పెడుతున్నాయి."

హాజీ నిటారుగా నిలబడ్డాడు. "వాయించండి!" అని డోళ్లవాళ్ల మీద అరిచాడు, గాలిని దాటి వినపడేట్టు.

మిగతా నాలుగూ దాటారు.

జనం పలచబడ్డాక హాజీ అల్లుణ్ణి మెట్ల కిందికి లాక్కెళ్లాడు. "బూరే కదూ?"

"బూరేనండీ."

"నీ యంత్రానికేం జబ్బు లేదు."

"లేదండీ."

"ఏడూ దాటారుగా?"

"ఏడూ."

"అయితే చాల్లే." కాసేపు టోపీ అంచు నలిపాడు. "దలెందా షాపు పైన కంటి డాక్టరున్నాడు చూడు. రేపు తీసుకెళ్తావా? ఎవరితోనూ అనకు. కళ్లు రానీ, ఆ శాద్లీ సంగతి చూస్తా."

ఆ రాత్రి దలెందా దగ్గర మాత్రం నౌఫల్ దాచలేకపోయాడు. ఆమె చెవిపోగులు తీస్తూ అంది: "మొదటిసారి దాటినప్పుడే తెలుసు నాకు. మన్నాని అయితే ఇంకాస్త ఎత్తు ఎగరాల్సొచ్చేది."

పెళ్లిలో మన్నానినే పోల్చుకోలేని యంత్రానికి డాక్టరేటేమిటని, బాబ్ జెబ్లీలో డాక్టరు గారూ అన్న పిలుపు ఆ వారంతో ఆగిపోయింది. అక్కణ్ణుంచి అతను అందరికీ "మన్నాని"యే. "ఏం మన్నానీ, ఇవాళేం కావాలి?" అనేవాడు శాద్లీ, కళ్లు వచ్చిన హాజీ చేతిలో కొట్టు వెనక గుట్టుగా చివాట్లు తిన్నాక కూడా. నౌఫల్ ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. ఆ పేరుకే పలికాడు. అందులో ఎంత నిజం ఉందో ముగ్గురికో నలుగురికో తెలుసు, అంతే చాలనుకున్నాడు. ఆ కొత్త ఫిల్టర్లు తరవాత ఎంతమంది వాడుకున్నా, పెళ్లిలో మాత్రం పొరబడ్డాయనే ఊరి నమ్మకం.

ఎన్నో ఏళ్లకు, నౌఫల్ చనిపోయిన తరవాత వచ్చిన మొదటి రంజాన్ పండగనాడు దలెందా ఎప్పటిలాగే చర్మూలా వండింది. పళ్లేలు సర్దాక, సొరుగులోంచి పాత ఫోన్ తీసింది. చెరపవద్దని అడిగి తీసుకున్న పాత యంత్రం ఉన్న ఫోన్ అది. నెరిసిన జుట్టుకు తెల్ల రిబ్బను కట్టుకుని, చేతిని చాచి, తన వైపుకే తిప్పి పట్టుకుంది.

అది ఏమాత్రం తడుముకోలేదు. మన్నాని అంది, తొంభై ఏడు శాతం.